బోటు ఇంజిన్ పాతదైతే.. ఏ ఆయిల్ పోయాలి?

• చూడాల్సింది వయసు కాదు.. రకం
• చిక్కటిదైతే మంచిదన్నది అపోహే
• వేట నిషేధానికి ముందే మార్చుకుంటే మేలు

గోపాల్‌పూర్: తాడు ఒక్కసారి లాగితే ఇంజిన్ అంటుకోవాలి. పదిసార్లు లాగినా ఉలుకూ పలుకూ లేకపోతే ఆ పూట వేట లేనట్టే. ఒడ్డున మొరాయిస్తే పోయేది ఒక రోజు కూలి. నడిసంద్రంలో ఆగిపోతే మాత్రం ప్రాణాల మీదికే వస్తుంది. తెరచాపల కాలం పోయింది. ఇప్పటి ఫైబర్ బోటుకు ఇంజినే దిక్కు. అది ఆగితే గాలి ఎటు తోస్తే అటే పోవాలి.

గంజాం తీరంలోని గోపాల్‌పూర్, ఆర్యపల్లి మొదలుకొని పూరీలోని పెంటకట వరకు తరతరాలుగా స్థిరపడిన తెలుగు గంగపుత్రులకు ఈ బాధ కొత్త కాదు. కొత్త ఇంజిన్ కొనే స్తోమత లేక చాలామంది పాతదానితోనే నెట్టుకొస్తుంటారు. యానాంలో గౌతమి పాయ మీద బోటు నడిపేవారిదీ ఇదే కథ. బాగు చేయించడానికి వేలకు వేలు పోస్తారు. ఆయిల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొట్టువాడు ఏ డబ్బా చేతిలో పెడితే అదే తెచ్చుకుంటారు. డబ్బా మీద రాత చూస్తే ఇంగ్లిషు. కొట్టులో మాట ఒడియా. అడగాల్సిన మాట తెలియకపోవడమే అసలు చిక్కు.

ముందు రకం తేల్చుకోవాలి

‘‘ముసలి ఇంజిన్ కదా.. సిక్కటి ఆయిలు పొయ్యి, ఇంకో రెండేళ్లు లాగేత్తాది’’.. రేవుల్లో తరచూ వినిపించే సలహా ఇది. నిజానికి ఇంజిన్ వయసు కన్నా ముందు తేలాల్సింది అది ఏ రకమన్నదే. బోట్లకు వాడే ఇంజిన్లు ప్రధానంగా మూడు రకాలు. బోటు వెనక తగిలించే టూస్ట్రోక్ ఔట్‌బోర్డు ఒకటి. అలాగే తగిలించే ఫోర్‌స్ట్రోక్ ఔట్‌బోర్డు రెండోది. పొడవాటి కడ్డీ చివర ఫ్యాను ఉండే లాంగ్‌టెయిల్ బోట్లలో, మరబోట్లలో వాడే డీజిల్ ఇంజిన్ మూడోది. ఒకదాని ఆయిల్ మరోదానికి పనికిరాదు.

బైకు 2టీ వద్దు

టూస్ట్రోక్ ఇంజిన్‌లో ఆయిల్ నిల్వ ఉండే గది ఉండదు. ఇంధనంలో కలిపిన ఆయిలే లోపలి భాగాలను తడిపి, దాంతోపాటే కాలిపోతుంది. అందుకే కాలినప్పుడు బూడిద మిగలని ఆయిల్ కావాలి. డబ్బా మీద ‘టీసీ-డబ్ల్యూ3’ అని ఉంటే అది ఔట్‌బోర్డు కోసం చేసిందని గుర్తు. ఇందులో డబ్ల్యూ అంటే వాటర్ కూల్డ్, అంటే నీటితో చల్లబడే ఇంజిన్ అని అర్థం.

బైకులు, ఆటోలకు వాడే 2టీ ఆయిల్ చవకగా, వీధి చివరి కొట్లోనే దొరుకుతుంది. అది గాలితో చల్లబడి, బాగా వేడెక్కే ఇంజిన్ల కోసం చేసినది. నీటితో చల్లబడే ఔట్‌బోర్డులో పోస్తే అందులోని లోహపు రసాయనాలు బూడిదగా మారి ప్లగ్గుకు, పిస్టన్‌కు పట్టేస్తాయి. రింగులు బిగుసుకుంటాయి. ఒక్క పూటలో ఏమీ కాదు గనుక ‘మా ఇంజిన్‌కు ఏం కాలేదులే’ అనుకుంటారు. నష్టం బయటపడేసరికి రిపేరుకు ఎక్కుతుంది.

పాత ఇంజిన్ పుస్తకంలో ‘టీసీ-డబ్ల్యూ’ అనో, ‘టీసీ-డబ్ల్యూ2’ అనో రాసి ఉంటే కంగారు పడక్కర్లేదు. వాటి స్థానంలో వచ్చిందే డబ్ల్యూ3. పాత ఇంజిన్లలోనూ నిక్షేపంగా వాడుకోవచ్చు.

పాళ్లు తప్పితే ముప్పే

యాభైకి ఒకటి అంటే 10 లీటర్ల ఇంధనానికి 200 మిల్లీలీటర్ల ఆయిల్. ఇరవై అయిదుకు ఒకటి అంటే 400 మిల్లీలీటర్లు. ఏ ఇంజిన్‌కు ఏ పాళ్లన్నది దాని పుస్తకంలో ఉంటుంది. కిరోసిన్‌తో నడిచే వాటికి లెక్క వేరుగా ఉండొచ్చు. పక్క బోటువాళ్లను చూసి కలపడం మంచిది కాదు. ఆయిల్ తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది. ‘పాతది కదా’ అని ఎక్కువ పోస్తే పొగ కమ్మేస్తుంది, ప్లగ్గు తడిసి నల్లబడుతుంది. కంటితో కాకుండా గీతలున్న కొలత గ్లాసుతో పోసుకోవడం శ్రేయస్కరం. క్యాన్‌లోనే కలిపి, బాగా కుదిపి ట్యాంకులో పోయాలి.

ఫోర్‌స్ట్రోక్‌కు ఈ కలపడం ఉండదు. దాని ఆయిల్ దాని గదిలోనే ఉంటుంది. డబ్బా మీద ‘ఎఫ్‌సీ-డబ్ల్యూ’ అన్న గుర్తు చూసుకోవాలి. తుప్పును తట్టుకునే గుణాన్ని కూడా పరీక్షించాకే ఈ గుర్తు ఇస్తారు. ఉప్పునీటి మీద బతికే ఇంజిన్‌కు అది ముఖ్యం.

డీజిల్‌కు ‘సీ’

డీజిల్ ఇంజిన్ ఆయిల్ డబ్బాపై రెండు వివరాలు చూడాలి. ఒకటి చిక్కదనం.. 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-40, ఉత్త 40 ఇలా ఉంటుంది. ఇక్కడ డబ్ల్యూ అంటే నీరు కాదు, వింటర్. చలిలో ఎంత సులువుగా పారుతుందో దాని ముందున్న అంకె చెబుతుంది. వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో వెనకున్న అంకె చెబుతుంది. రెండోది నాణ్యత. ‘సీ’ అక్షరంతో మొదలైతే డీజిల్‌కు, ‘ఎస్’తో మొదలైతే పెట్రోలుకు. సీఎఫ్-4, సీహెచ్-4, సీఐ-4.. ఇలా రెండో అక్షరం ముందుకు వెళ్లేకొద్దీ కొత్త ప్రమాణం. పుస్తకంలో రాసినదానికి తక్కువ మాత్రం పోయకూడదు.

ఇక చిక్కటి ఆయిల్ సంగతి. అరిగిన ఇంజిన్‌లో చిక్కటిది పోస్తే చప్పుడు కాస్త తగ్గిన మాట వాస్తవమే. కానీ తెల్లవారుజామున స్టార్ట్ చేసినప్పుడు అది పైభాగాలకు చేరడం ఆలస్యమవుతుంది. ఆ కాసేపట్లోనే అరుగుదల పెరుగుతుంది. ఆయిల్ మరీ తాగేస్తుంటే పుస్తకంలోని పట్టికలో అనుమతి ఉన్నంత మేరకు ఒక మెట్టు పైకి వెళ్లొచ్చు. అప్పటికీ ఆగకపోతే లోపం రింగులదో, సీళ్లదో. అది డబ్బా మారిస్తే పోయే జబ్బు కాదు.

ఏళ్ల తరబడి నాసిరకం వాడి ఒక్కసారిగా మంచి ఆయిల్‌కు మారితే అది లోపల పేరుకున్న మడ్డిని కరిగించి ఫిల్టర్‌లోకి తెస్తుంది. మారిన తొలిసారి ఆయిల్, ఫిల్టర్ గడువుకు ముందే మార్చేయాలి.

పాల టీ రంగులో ఉంటే..

వేటకు వెళ్లే ముందు ఆయిల్ గేజీ పుల్ల తీసి చూడటం ఒక్క నిమిషం పని. డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ నల్లగా ఉంటే భయం లేదు. పాలు కలిపిన టీ రంగులో ఉంటే మాత్రం నీళ్లు దిగినట్టే. ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా లాభం లేదు. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో కనిపెట్టి ఆపాలి.

ఔట్‌బోర్డు అడుగున ఫ్యాను దగ్గర గేర్ల కోసం వేరే గేర్ ఆయిల్ ఉంటుంది. దీన్ని చాలామంది మరిచిపోతారు. ఫ్యాను ఇరుసుకు వల దారం చుట్టుకుంటే అక్కడి సీలు తెగి ఉప్పునీరు లోపలికి పోతుంది. దారం చుట్టుకున్న ప్రతిసారీ గేర్ ఆయిల్ రంగు చూడటం అలవాటు చేసుకోవాలి.

తుపాన్ల సమయంలో నీట మునిగిన ఇంజిన్‌ను వెంటనే స్టార్ట్ చేయడం పెద్ద పొరపాటు. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ వద్ద తీరం దాటిన ఫైలిన్ ఈ తీరవాసులకు ఇంకా గుర్తే. మునిగిన ఇంజిన్ నీళ్లు వంపేసి, మంచినీటితో కడిగించి, ఆయిల్ మార్చాకే తిప్పాలి. ఒక్కసారి మారిస్తే చాలదు. రంగు తేటపడేదాకా మార్చాలి.

నెలలు కాదు.. గంటలు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. రుషికుల్య నది ముఖద్వారం వద్ద తాబేళ్ల రక్షణ కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు ఆంక్షలు అదనం. నిషేధం ముగిశాక, వేటకు వెళ్లే ముందు ఆయిల్ మార్చడం చాలామంది అలవాటు. నిజానికి ఇంజిన్‌ను పక్కన పెట్టే ముందే మార్చాలి. వాడిన ఆయిల్‌లో ఆమ్లాలు, చెమ్మ ఉంటాయి. రెండు నెలలు కదలకుండా ఉంటే అవి బేరింగులను తినేస్తాయి. టూస్ట్రోక్ వాళ్లు కలిపిన ఇంధనాన్ని అంతకాలం నిల్వ ఉంచి వాడకూడదు.

వేట రోజుల్లో లెక్క గంటల్లో ఉండాలి. ఫోర్‌స్ట్రోక్ ఔట్‌బోర్డులకు సాధారణంగా చెప్పే 100 గంటల గడువు రోజుకు ఆరు గంటలు నడిపితే 17 రోజుల్లోనే అయిపోతుంది. ఇంట్లో క్యాలెండర్ మీద రోజూ ఒక గీత పెట్టుకుంటే సరి.

కొనేటప్పుడు మూత సీలు చూసుకోవాలి. విడి ఆయిల్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. మాడిన ఆయిల్‌ను వడకట్టి అమ్మేవాళ్లూ ఉంటారు. ఖాళీ డబ్బాను కోసి పారేస్తే మళ్లీ నింపి అమ్మే వీలుండదు. మాడిన ఆయిల్‌ను మాత్రం సముద్రంలో పోయొద్దు. అది పడ్డచోట చేప నిలవదు.

ఇక భాష చిక్కుకు విరుగుడు ఇంట్లోనే ఉంది. బడికి వెళ్లే పిల్లల చేత ఇంజిన్ పుస్తకంలో ఆయిల్ రకం, పాళ్లు చదివించి, ఇంజిన్ మూత లోపలివైపు పెయింటుతో తెలుగులో రాయించుకుంటే చాలు. బరంపురంలో అడగాలన్నా, పూరీలో అడగాలన్నా ఆ ముక్క చూసి చెబితే సరిపోతుంది. కొట్టువాడు ‘అన్నీ ఒకటే’ అన్నాడంటే.. మరో కొట్టు చూసుకోవడమే!