వాహనం ఒకవైపుకు లాగడం: కారణ నిర్ధారణ

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• రోడ్డు వాలు వల్ల కలిగే లాగుడును, వాహన లోపం వల్ల కలిగే లాగుడును వేరు చేయగలుగుతారు.
• లాగుడు కనిపించే సందర్భాన్ని బట్టి కారణాన్ని ఊహించగలుగుతారు.
• తక్కువ ఖర్చుతో మొదలయ్యే పరీక్షాక్రమాన్ని పాటించగలుగుతారు.

6.1 పరిచయం

స్టీరింగును తిన్నగా ఉంచినా వాహనం తనంతట తాను ఒక పక్కకు జరిగిపోవడాన్ని ‘లాగడం’ అంటారు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల వాడుకలో ఇదే ‘బండి గుంజుడు’. ఈ మాట వినగానే చాలామంది వీల్ అలైన్‌మెంట్‌కు పంపుతారు. అయితే అలైన్‌మెంట్ పలు కారణాలలో ఒకటి మాత్రమే. పట్టుకుపోయిన బ్రేకును వదిలి చక్రాల కోణాలను సరిచేస్తే డబ్బు ఖర్చవుతుంది, లోపం మిగిలిపోతుంది. డివైడర్ లేని రోడ్డుపై కుడికి లాగే బండి ఎదురుగా వచ్చే లారీ వైపు వెళుతుంది. కాబట్టి ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం. ‘ఎటు లాగుతోంది?’ అనే ప్రశ్న కన్నా ముందు ‘ఎప్పుడు లాగుతోంది?’ అని అడగాలి.

6.2 రోడ్డు వాలు ప్రభావం

వాననీరు నిలవకుండా రోడ్డును మధ్యలో ఎత్తుగా, అంచులలో పల్లంగా వేస్తారు. తారురోడ్డుకు ఈ వాలు సుమారు 2 శాతం, అంటే మీటరు వెడల్పుకు 2 సెంటీమీటర్లు. 1000 కిలోల కారుపై ఈ వాలు కలిగించే పక్కబలం దాదాపు 20 కిలోల బరువుకు సమానం. మనం రోడ్డుకు ఎడమవైపు నడుపుతాం కాబట్టి, కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి వెళ్లేటప్పుడు ఏ లోపమూ లేని కారు కూడా కొంచెం ఎడమకు ఒరగవచ్చు. తిరుగు ప్రయాణంలో చూసినా విషయం తేలదు. అప్పుడు కూడా మన ఎడమవైపే పల్లంగా ఉంటుంది.

అందువల్ల సమతలంగా ఉన్న విశాలమైన ఖాళీ స్థలంలో తక్కువ వేగంతో రెండు దిశలలో నడిపి చూడాలి. చేతులు స్టీరింగుకు ఆనుకునే ఉండాలి. దిశ మార్చినప్పుడు లాగుడు కూడా రెండోవైపుకు మారితే కారణం నేల వాలు లేదా గాలి. రెండు దిశలలోనూ బండికి ఒకే పక్కకు లాగితే లోపం బండిలో ఉన్నట్లు. రోడ్డు ఎడమకు వాలి ఉన్నా బండి కుడికి లాగుతుంటే దానిని వెంటనే పరీక్షించాలి.

6.3 సందర్భాన్ని బట్టి కారణాలు

(అ) ఎప్పుడూ లాగడం: గాలి తక్కువైన టైరు ఎక్కువగా నలిగి, దొర్లడానికి ఎక్కువ నిరోధం చూపుతుంది, బండి ఆ వైపుకే లాగుతుంది. రెండువైపులా అరుగుదల వేరుగా ఉన్న టైర్లు, లోపల పొరలు దెబ్బతిన్న టైరు కూడా ఇదే ఫలితాన్ని ఇస్తాయి. విడుదల కాని బ్రేకు తన వైపుకు లాగుతుంది.

చక్రాల కోణాలలో క్యాంబర్, క్యాస్టర్ ముఖ్యమైనవి. చక్రం పైభాగం ఏ వైపు ఎక్కువగా బయటికి వాలితే ఆ వైపుకు, ధన క్యాస్టర్ ఏ వైపు తక్కువైతే ఆ వైపుకు బండి లాగుతుంది. ముందు చక్రాల టో తప్పితే సాధారణంగా టైర్లు త్వరగా అరుగుతాయి, స్టీరింగు వంకరగా నిలుస్తుంది; లాగుడుకు అది అంతగా కారణం కాదు. గుంతలో గట్టిగా పడిన తరువాత లాగుడు మొదలైతే సస్పెన్షన్ ఆర్మ్ వంగిందేమో చూడాలి.

(ఆ) బ్రేకు వేసినప్పుడు మాత్రమే లాగడం: బ్రేకు గట్టిగా పట్టే వైపుకు బండి తిరుగుతుంది. కాబట్టి బండి ఎడమకు లాగితే లోపం కుడి బ్రేకులో ఉండవచ్చు. అక్కడ పిస్టన్ బిగుసుకుపోయి ఉండవచ్చు, లేదా లైనింగుకు ఆయిల్ అంటి ఉండవచ్చు. బ్రేకు వదిలిన తరువాత కూడా కాసేపు లాగుతుంటే, లోపల మూసుకుపోయిన బ్రేక్ హోస్‌ను అనుమానించాలి.

(ఇ) వేగం పెంచినప్పుడు మాత్రమే లాగడం: ముందు చక్రాలకు శక్తి అందే కార్లలో డ్రైవ్ షాఫ్టుల పొడవులో తేడా, అరిగిన బుష్‌లు, వదులైన ఇంజన్ మౌంటింగులు ఇందుకు కారణాలు.

6.4 పరీక్షాక్రమం

1. బరువును రెండువైపులా సమంగా సర్దాలి.
2. టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ తలుపు దగ్గరి పట్టికలో సూచించిన మేరకు గాలి నింపాలి.
3. టైర్ల అరుగుదల, ఉబ్బులు చూడాలి.
4. ముందు టైర్లు రెండింటినీ అటూఇటూ మార్చి నడపాలి. లాగుడు రెండోవైపుకు మారితే లోపం టైరులోనే ఉంది. ఒకే దిశలో తిరగాలని బాణం గుర్తు ఉన్న టైర్లకు ఈ పరీక్ష పనికిరాదు.
5. బ్రేకు పెద్దగా వాడకుండా కొన్ని కిలోమీటర్లు నడిపి ఆపాలి. చక్రాల దగ్గర చేయి ఉంచి వేడిని పోల్చాలి, హబ్‌ను తాకరాదు. ఒకటి మాత్రమే బాగా వేడెక్కితే బ్రేకు పట్టుకున్నదేమో, బేరింగు చెడిందేమో చూడాలి.
6. జాకీతో లేపి, స్టాండు పెట్టి, బాల్ జాయింట్లు, టై రాడ్ చివరలు వదులయ్యాయేమో పరీక్షించాలి.
7. ఇవన్నీ సరిగా ఉన్నాకే అలైన్‌మెంట్ చేయించాలి. వదులైన భాగాలపై సరిచేసిన కోణాలు నిలవవు.

6.5 సాధన

కామారెడ్డి బజారులో బెల్లం దిమ్మెలు ఎత్తుకున్న ఒక నాలుగు చక్రాల ట్రాలీ ఎడమకు లాగుతోంది. సరుకు దించాక తిన్నగా వెళుతోంది. కారణమేమిటి?

జవాబు: ముందుగా అనుమానించవలసింది సరుకు సర్దిన తీరును. బరువు ఎడమవైపు ఎక్కువైతే ఆ వైపు టైర్లు ఎక్కువగా నలుగుతాయి. సరుకును సమంగా సర్ది చూడాలి. అప్పటికీ లాగితే ఎడమ స్ప్రింగు పట్టీలను పరీక్షించాలి. ఖాళీ బండిలో బయటపడని బలహీనత బరువు పడినప్పుడు బయటపడుతుంది.

6.6 సారాంశం

లాగుడు కనిపించే సందర్భం కారణాన్ని సూచిస్తుంది. రోడ్డు వాలును ముందుగా వేరు చేయాలి. బండి లాగే వైపే లోపం ఉండాలన్న నియమం లేదు. గాలి, టైర్లు, బ్రేకులు, కీళ్లు చూశాక చివరగా అలైన్‌మెంట్‌కు వెళ్లాలి. బ్రేకు వేసినప్పుడు బలంగా లాగే వాహనాన్ని మరమ్మతు చేయించే వరకు రోడ్డెక్కించరాదు.

6.7 నమూనా ప్రశ్నలు

1. బ్రేకు వేసినప్పుడు బండి కుడికి లాగితే ఏ వైపు బ్రేకును అనుమానిస్తారు? ఎందుకు?
2. టైర్లను అటూఇటూ మార్చే పరీక్షను వివరించండి.
3. పరీక్షాక్రమంలో అలైన్‌మెంట్ చివరన ఎందుకు ఉండాలో చర్చించండి.