తొట్టి వెనక అద్దానికి రంగు

ఇంటి అక్వేరియానికి నాలుగు పక్కలా గాజే ఉంటే వెనక గోడ, కరెంటు తీగలు, మోటారు గొట్టాలు చేపల మధ్యలోంచి కనిపిస్తుంటాయి. వాటిని మరుగుపరచడానికి దుకాణాల్లో దొరికే బొమ్మల షీటు అతికించవచ్చు, లేదా వెనక అద్దానికి బయటివైపు రంగు వేయవచ్చు. షీటు పని నిమిషాల్లో తీరుతుంది. అయినా రంగే మేలు. షీటుకూ గాజుకూ మధ్య మిగిలిపోయే పలచని గాలిపొరే అందుకు కారణం.

పైన వెలిగే దీపపు కాంతి నీటిలోకి దిగి వెనక అద్దాన్ని చాలావరకు ఏటవాలుగా తాకుతుంది. నీటిలోంచి గాలిలోకి పోవాలంటే, అద్దానికి లంబంగా గీసిన గీతతో కిరణం చేసే కోణం దాదాపు 49 డిగ్రీల లోపు ఉండాలి. ఇదే సందిగ్ధ కోణం. అది దాటిన కిరణం బయటపడలేక పూర్తిగా వెనక్కి మళ్ళుతుంది. దీన్నే సంపూర్ణాంతర పరావర్తనం అంటారు. మధ్యలో గాజు ఉన్నా ఈ లెక్క మారదు. అందుచేత గాలిపొర వెనకున్న షీటుకు తొట్టి దీపపు వెలుగు సరిగా అందదు, దాని బొమ్మ వెలవెలబోతుంది. ఎక్కడైనా తడి చేరితే అక్కడ గాలి తొలగిపోయి మచ్చ తేలుతుంది.

రంగు పూస్తే గాలిపొరకు చోటుండదు. గాజు వక్రీభవన గుణకం సుమారు 1.5, ఆక్రిలిక్ రంగులోని జిగురుదీ దాదాపు అంతే. కాంతికి రెండూ ఒకే పదార్థంలా ఉంటాయి. కిరణం గాజు దాటి నేరుగా రంగులోకి వెళ్తుంది. నల్ల రంగైతే అక్కడే ఇంకిపోతుంది. చేపకు వెనక అద్దంలో తన ప్రతిబింబం కనిపించడం కూడా బాగా తగ్గుతుంది. ఫైటర్ చేప తన నీడనే శత్రువనుకుని రెక్కలు విప్పి మీదికి దూకుతుంది. అలాంటి వాటికి ఇది పెద్ద ఊరట.

ఏ రంగు వేశామన్నది చేప ఒంటి మీద కూడా ప్రభావం చూపుతుంది. చేప చర్మంలోని వర్ణకణాల్లో మెలనిన్ రేణువులుంటాయి. పరిసరాలు చీకటిగా ఉంటే అవి కణమంతా పరుచుకుని చేప ముదురుబారుతుంది, తెల్లగా ఉంటే ఒకచోట ముద్దకట్టి పాలిపోతుంది. ఇలా పాలిపోయేలా చేసే హార్మోనును 1983లో సాల్మన్ చేపల పిట్యూటరీ గ్రంథి నుంచి వేరుచేశారు. తెల్లని అద్దం ముందు, తెల్లని ఇసుక మీద ఉంచిన చేప కళ తప్పడానికి ఇదీ ఒక కారణం. నలుపు ముందు ఎరుపు, పసుపు, వెండి వన్నెలు ఎగిసి కనిపిస్తాయి. నిర్మల్ చిత్రకారులు నల్లని నేపథ్యం మీద బంగారు వన్నె దిద్దడంలోనూ ఇదే గ్రహింపు ఉంది.

నలుపుతో మరో లాభముంది. నీటి వక్రీభవనం వల్ల 30 సెంటీమీటర్ల వెడల్పు తొట్టి ఎదుటి నుంచి చూస్తే 22 సెంటీమీటర్లలా తోస్తుంది. వెనక పలక నల్లగా ఉంటే అది ఎక్కడుందో కంటికి చిక్కదు, లోతు పెరిగినట్టుంటుంది. నీలం సముద్రపు చేపలకు నప్పుతుంది. చెరువు చేపలకు నలుపో, ముదురు గోధుమో తగినది.

ఒకే రంగుతో తృప్తి లేనివారు కరీంనగర్ ప్రాంతంలోని కొండగట్టు గుండ్లను నమూనాగా తీసుకోవచ్చు. ఆ ప్రాంతపు గ్రానైటులో ఫెల్డ్‌స్పార్ గులాబి, గోధుమ వన్నెలు, క్వార్ట్జ్ బూడిద, మైకా నల్లని పలుకులు కలగలిసి ఉంటాయి. అయితే గాజు వెనక నుంచి వేసే బొమ్మకు వరస తలకిందులవుతుంది. ముందు పూసినదే లోపలికి కనిపిస్తుంది కాబట్టి వాన నీరు జారిన నల్ల చారలు, పలుకుల చుక్కలు మొదట వేసి, బండ రంగును అన్నిటికంటే చివర పూయాలి.

పని ఖాళీ తొట్టి మీదే జరగాలి. చేపలున్న గదిలో రంగు వేస్తే గాలి పంపు ఆ వాసనను పీల్చి నీటిలోకి ఊదుతుంది. అద్దాన్ని స్పిరిటుతో తుడిచి జిడ్డు వదిలించి, అంచులకు టేపు వేసి, నీటితో కలిపే ఆక్రిలిక్ లేదా గోడ ఎమల్షన్ రంగును స్పాంజి రోలరుతో పలచగా పూయాలి. మొదటి పూత చారలుగా, అసహ్యంగానే ఉంటుంది. ఒకటి ఆరాక మరొకటి, అడ్డంగా ఒకటి నిలువుగా ఒకటి, మూడు నాలుగు పూతలు పడ్డాక దీపం ఎదుట పెట్టి సూది బెజ్జాలు వెతకాలి. లోపలివైపు మాత్రం ఎన్నడూ వేయకూడదు. నీటిలో నానిన రంగు పెచ్చులూడుతుంది.

వెనక కిటికీ ఉంటే రంగు ఎండను ఆపి పాచిని తగ్గిస్తుంది. కానీ ఉత్తర తెలంగాణ వేసవిలో వేడి 45 డిగ్రీలు దాటుతుంది. ఎండ తగిలే నల్లని పలక ఆ వేడినంతా లాగి నీటికిస్తుంది. నల్ల పూత ఆరాక దాని మీద తెల్ల పూత వేస్తే, లోపలికి నలుపు అలాగే ఉంటుంది, బయటి తెలుపు ఎండను తిప్పికొడుతుంది.

ఆక్రిలిక్ రంగుకు నునుపు గాజు మీద పట్టు తక్కువ. మార్చాలనిపిస్తే తడిపి బ్లేడుతో గీస్తే చాలు, ఊడివస్తుంది. మూలల్లో అద్దాలను కలిపిన సిలికాన్‌కు మాత్రం బ్లేడు తగలనివ్వకూడదు.