వాననీటికి దారి: పథకము, అమలు, పర్యవేక్షణ

నేలపై పడిన వానకు మూడు మార్గములు కలవు. కొంత నీరు ఆవిరియై గాలిలో కలియును. కొంత నేలలోనికి ఇంకును. మిగిలినది పల్లమును వెదకికొనుచు పారును. ఈ మూడవ భాగమునే ఉపరితల జలమందురు. పల్లెలలో ఇది చెరువులను నింపును. పట్టణములలో దారి దొరకనిచో ఇండ్లలోనికి చొరబడును. ఆ దారిని ముందుగా లెక్కించి, నిర్మించి, కాపాడుటయే ఉపరితల జల నిర్వహణ పథకము యొక్క ప్రయోజనము.

లెక్క ఎట్లుండునో చూతము. గంటకు 36 మిల్లీమీటర్ల చొప్పున వాన కురియుచున్నదనుకొందము. అప్పుడు ఒక హెక్టారు నేలపై సెకనుకు 100 లీటర్ల నీరు పడును. అది పచ్చికయు చెట్లును గల నేలయైనచో, అందులో సుమారు 30 లీటర్లు మాత్రమే కాలువకు చేరును. అదే నేలను సిమెంటుతోను తారుతోను కప్పినచో సుమారు 90 లీటర్లు చేరును. వాన పెరుగకపోయినను కాలువపై భారము మూడు రెట్లగును. పైగా నున్నని తలముపై నీరు వేగముగా నడచును గనుక, మెల్లగా రావలసిన ప్రవాహము కొద్ది నిమిషములలోనే వచ్చిపడును.

అనగా, ఏ పథకమైనను అది వ్రాసిననాటి నేలను బట్టి వేసిన లెక్క మాత్రమే. నేల మారుచున్నకొలది ఆ లెక్క తప్పుచుండును. కాలువ కట్టుటతో పథకము పూర్తి కాదనుటకు కారణమిదియే. హైదరాబాదు నగర చరిత్ర దీనికి చక్కని ఉదాహరణము.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచివేసినది. వేలాది ప్రజలు మరణించిరి. మరుసటి సంవత్సరము నిజాము ప్రభుత్వము ఆహ్వానింపగా మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి వరద కారణములను పరిశీలించెను. నగరమునకు ఎగువన నది పరీవాహ ప్రాంతము సుమారు 860 చదరపు మైళ్ళు. అందులో 788 చెరువులుండెను. ఆ వర్షమునకు వానిలో రెండు వందలకు పైగా తెగిపోయినవి. అవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారిన నీరు క్రింది చెరువును చేరును. పై కట్ట తెగినచో ఆ నీరంతయు ఒక్కసారిగా క్రింది కట్టపై పడును. అది కూడ తెగును. ఈ విధముగా వరద మెట్టుమెట్టునకు బలము పుంజుకొని నగరముపై విరుచుకుపడినది.

వరద నీటిని ఎగువనే నిలిపి మెల్లగా వదలవలెనని విశ్వేశ్వరయ్య సూచించెను. ఆ ప్రకారము మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, దాని ఉపనదియైన ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. ఉస్మాన్‌సాగరు పూర్తి నీటిమట్టము 1,790 అడుగులు, హిమాయత్‌సాగరుది 1,763.5 అడుగులు. ఈ అంకెలకు విలువ వచ్చునది వర్షాకాలములో మట్టమును, లోనికి వచ్చు ప్రవాహమును కొలిచి, తగిన వేళకు తలుపులు ఎత్తి, దిగువ ప్రజలను హెచ్చరించినప్పుడే. ఖాళీ లేని జలాశయము వరదను ఆపజాలదు.

ఈ జలాశయముల పరీవాహ ప్రాంతమును కాపాడుటకు 1996లో 111వ ప్రభుత్వ ఉత్తరువు వెలువడినది. అందు పూర్తి నీటిమట్టమునుండి 10 కిలోమీటర్ల వరకు నిర్మాణములపై ఆంక్షలు విధించిరి. 2022లో మరియొక ఉత్తరువుచే ఆ ఆంక్షలను తొలగించిరి. నేలలో ఎంత భాగము కప్పబడుచున్నదో ఏటేటా కొలువవలసిన అవసరము దీనివలన మరింత పెరిగినది.

ఆ జలాశయములు ఎగువనుండి వచ్చు నదిని మాత్రమే అదుపు చేయగలవు. నగరముమీదనే కురిసిన వాన నాలాల ద్వారా పోవలెను. 2000 ఆగస్టులోను, 2020 అక్టోబరు 13న కురిసిన కుండపోతలోను నాలాలు పొంగి కాలనీలు మునిగినవి. 2020లో నగరపు దక్షిణ భాగమున పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి, దిగువ ఇండ్లలోనికి నీరు ఉరికినది. పలువురు ప్రాణములు కోల్పోయిరి. 1908లో ఎగువ పల్లెలలో జరిగినదే ఇప్పుడు నగరము నడుమ జరిగినది. పిమ్మట 2021లో నాలాలను విస్తరింపజేయుటకు ఒక ప్రత్యేక కార్యక్రమమును ప్రారంభించిరి.

ఇట్టి పథకములను అమలుజరిపిన తరువాత ముఖ్యముగా నాలుగు విషయములను కొలుచుచుండవలెను.

మొదటిది వాన. ఒకే దినమున నగరపు ఒక మూల జల్లు, వేరొక మూల కుండపోత కురియవచ్చును. కావున వర్షమాపకములు అనేక చోట్ల ఉండవలెను.

రెండవది నీటిమట్టము. చెరువు అలుగు వద్దను, నాలా వంతెనల వద్దను కొలబద్దలు నిలిపి, వాన కురియునప్పుడు గంటగంటకు మట్టమును వ్రాసికొనవలెను.

మూడవది పూడిక. మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు గల నాలాలో అరమీటరు పూడిక పేరుకొన్నచో వైశాల్యములో నాలుగవ వంతు పోవును. కాని నీటిని మోయు శక్తి దాదాపు మూడవ వంతు తగ్గును. మిగిలిన నీటికి అడుగుతోను గోడలతోను రాపిడి ఎక్కువగుటయే అందుకు హేతువు. తీసిన పూడికను ఒడ్డుననే వదలినచో తొలకరి వానకే అది తిరిగి నాలాలోనికి చేరును. అందుచేత వేసవి ముగియుటకు ముందే పూడిక తీసి దూరముగా తరలింపవలెను. పని జరిగినదా లేదా యనుటకు గురుతు తెరచుకొనిన లోతేగాని ఖర్చు చేసిన సొమ్ము కాదు.

నాలుగవది హద్దు. చెరువు శిఖము భూమి ఆక్రమణకు లోనైనచో నీరు నిలుచు చోటు తగ్గును. అలుగు మూసుకొనిపోయినచో ఆ భారమంతయు కట్టపై పడును. పూర్తి నీటిమట్టపు హద్దురాళ్ళను నాటి, ఏటేటా తనిఖీ చేయవలెను.

ప్రతి పెద్దవాన పిమ్మట, లెక్క ప్రకారము రావలసిన నీటిని నిజముగా వచ్చిన నీటితో పోల్చవలెను. తేడా కనబడినచో పూడికయా, ఆక్రమణయా, లేక మొదటి లెక్కలోనే లోపమా యని విచారించి, పథకమును దిద్దవలెను. ఏ కొలత ఎవరు తీయవలెనో, ఏ దినమునకు ఏ పని ముగియవలెనో పేరుపేరున నిర్ణయింపనిచో ఈ పనులన్నియు కాగితముపైననే నిలిచిపోవును.

ఇది మన ప్రజలకు కొత్త పద్ధతి కాదు. చెరువు గల ప్రతి ఊరిలోను తూము తెరచుటకు, కట్టను కనిపెట్టుటకు నీరటి ఉండెడివాడు. వాన రాత్రి అతడు కట్టమీదికి పోయి అలుగెంత పారుచున్నదో చూచి వచ్చెడివాడు. నేడు యంత్రములు ఆ కొలతలను క్షణములో పంపగలవు. ఆ కొలతను చూచి వెంటనే తలుపు ఎత్తించు మనిషి, దిగువ ఇండ్లవారిని లేపు మనిషి ఆ రాత్రి మేలుకొనియుండవలెను.