పుణ్యమూ, పురుషార్థమూ, ఒక పాత కారూ

రెండేళ్ళ క్రితం కాదు, ఇంకా కొంచెం ముందు. 2023 వేసవిలో ఒక ఆదివారం ఉదయం మా అక్క ఫ్రాన్సు నుంచి ఫోను చేసింది. "తమ్ముడూ, వీడు ర్యాలీకి వెళ్తానంటున్నాడురా. నువ్వైనా చెప్పు" అంది. ఫోను పక్కనే ఉన్న మా అమ్మ ఆ మాట విని ఎంతో సంతోషించింది. "మంచిదే కదే! జగన్మోహినీ కేశవస్వామిని చూసి, అటునుంచటే మా ఇంటికి రమ్మను" అంది. కోనసీమ వైపు వారికి ర్యాలి అంటే ఆత్రేయపురం దగ్గరి ర్యాలి గ్రామమే. ఆ ర్యాలి కాదమ్మా, కారు ర్యాలీ అని చెప్పేసరికి ఆవిడ మొహం వాడిపోయింది.

అక్కావాళ్ళు ఫ్రాన్సులో ఎందుకున్నారో ముందు చెప్పాలి. మాది యానాం. చుట్టూ గోదావరి జిల్లాలు, మధ్యలో సుమారు ముప్పై చదరపు కిలోమీటర్ల పుదుచ్చేరి ముక్క. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడి. మా నాన్నగారి చిన్నతనంలో కాకినాడ వెళ్ళి రావాలంటే దారిలో కస్టమ్స్ వాళ్ళు మూటలు విప్పి చూసేవారట. 1962 ఆగస్టు 16న విలీనం ఒప్పందం అమలులోకి వచ్చినప్పుడు, ఫ్రెంచి జాతీయత ఉంచుకోదలచిన వారికి ఆరు నెలల గడువిచ్చారు. మా ఊళ్ళో అలా ఎంచుకున్న కొద్ది కుటుంబాలలో మా బావగారిదొకటి. అందుచేత మా మేనల్లుడు పుట్టింది, పెరిగింది లియాన్ నగరంలో. తెలుగు మాత్రం చక్కగా మాట్లాడతాడు, గోదావరి యాసతో సహా.

సరే, ఆ రోజు వాడితోనే మాట్లాడాను. వాడు చెప్పిన సంగతి ఇది. ఫ్రాన్సులో యూరోప్ రెయిడ్ అని ఒక యాత్ర జరుగుతుంది. విద్యార్థులు ఎక్కువగా పాల్గొంటారు. కారుకి ముగ్గురు. కారు కూడా వాళ్ళిష్టం కాదు, పాత పెజో 205 అయి తీరాలి. మనకి ఫియట్, అంబాసిడర్ ఎలాగో వాళ్ళకది అలాగ. 1983లో వచ్చి 1998 దాకా తయారైన బండి. అంటే వాడు నడపబోయే కారు వాడికంటే వయసులో పెద్దది. మూడు వారాల పైచిలుకు సమయంలో ఇరవై దేశాలు, పదివేల కిలోమీటర్లు. పందెం కాదు, ముందొచ్చిన వాడికి బహుమతీ లేదు. తూర్పు యూరపులోని పల్లెటూరి బడులకి పుస్తకాలు, ఆటసామాన్లు లాంటివి కారులో వేసుకుని పోయి అందజేయడం దాని ఆశయం.

"మావయ్యా, మీరు విరాళం ఇస్తే మీ పేరు మా కారు తలుపు మీద రాయిస్తాం" అన్నాడు.

నేను బీకాం చదివి, ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో లెడ్జర్లు చూస్తున్న వాణ్ణి. "ముందు పద్దు పంపించరా, తర్వాత పేరు సంగతి చూద్దాం" అన్నాను.

పద్దు వచ్చింది. కారు కొన్నది, దానికి బాగుచేయించినది, ప్రవేశ రుసుము, పెట్రోలు, భీమా, గుడారం, తిండి. చిట్టచివర బడి పిల్లలకి తీసుకెళ్ళే సామాను. కూడి చూస్తే రూపాయిలో ముప్పావలా పైన ప్రయాణానికే పోతోంది. పిల్లలకి చేరేది పావలా లోపు. కాగితం పైన మాత్రం పెద్ద అక్షరాలతో 'సహాయ యాత్ర' అని ఉంది. నాకు మనసొప్పలేదు. ఆ సొమ్మంతా బ్యాంకు ద్వారా ఆ బడికే పంపిస్తే నాలుగింతలు అందుతుంది కదా, ఇంత పెట్రోలు తగలేయడం దేనికి అనిపించింది.

ఇలా అనిపించడానికి నాకు సొంత కారణం కూడా ఉంది. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకి దక్షిణంగా తీరం దాటిన తుపాను మా ప్రాంతం వారెవరూ మరిచిపోలేరు. వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయాయి. వేటకి వెళ్ళిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి మూడేళ్ళు. తర్వాత నాలుగు రోజులకి లారీల మీద సహాయ సామగ్రి రావడం మొదలైంది. పంపిన వారెవరో, ఎంత దూరం నుంచి పంపారో గానీ, అందరిదీ మంచి మనసే. ఒక మూట విప్పితే అన్నీ ఉన్ని కోట్లు! గోదావరి ఒడ్డున ఉన్ని కోటు ఎవరు తొడుక్కుంటారు? మాకు ఆ రోజు కావలసినవి తాగే నీళ్ళు, అగ్గిపెట్టెలు, పైకప్పుకి టార్పాలిన్లు. ఆ కోటొకటి చాలాకాలం మా పొరుగువారి చేలో దిష్టిబొమ్మకి తొడిగి ఉండేది. అటు వెళ్ళినప్పుడల్లా నాకు, పాపం ఎవరో ఎంతో ప్రేమగా మడతపెట్టి పంపిన కోటు కదా అనిపించేది.

ఆ కథ మేనల్లుడికి చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే వెళ్ళొద్దంటారా మావయ్యా?" అన్నాడు.

వద్దనడానికి నోరు రాలేదు. ఇరవై ఏళ్ళ కుర్రాడు ఊళ్ళు చూస్తాననడం తప్పా? మనవాళ్ళు కాశీయాత్రకి వెళ్ళినప్పుడు దారిపొడుగునా దానధర్మాలు చేసేవారు. పుణ్యమూ పురుషార్థమూ రెండూ కలిసొస్తాయని సామెతే ఉంది. కాకపోతే ఆ సామెతలో రెండు మాటలున్నాయి. రెండిటికీ రెండు పద్దులుండాలి. ఒకదాని ఖర్చు ఇంకొకదాని కింద రాయకూడదు.

ఈ విషయమై తర్వాత కొంత చదివి తెలుసుకున్నాను. ఇలాంటి యాత్రలు చాలానే ఉన్నాయి. 1997లో ఫ్రాన్సులో మొదలైన 4ఎల్ ట్రోఫీలో విద్యార్థులు పాత రెనో 4 కార్లలో స్పెయిన్ మీదుగా మొరాకో ఎడారి దాకా వెళ్ళి బడి సామాన్లు ఇచ్చి వస్తారు. 2004లో ఇంగ్లండులో పుట్టిన మంగోల్ ర్యాలీ మరీ చోద్యం. చిన్న ఇంజను కారు వేసుకుని యూరపు దాటి, ఆసియాలో మంగోలియా వైపు పోవాలి. దారిలో ఆగిపోతే ఆదుకునే నాథుడుండడు. ఆ నిర్వాహకులే మన దేశంలోనూ ఆటో యాత్రలు నడిపారు. రంగులు పూసిన ఆటోల్లో తెల్లవాళ్ళు గొడుగులు కట్టుకుని పోతుంటే మీలో కొందరు చూసే ఉంటారు.

మంగోల్ ర్యాలీలో నాకు నచ్చిన నియమం ఒకటుండేది. ప్రవేశ రుసుము వేరు, దానం వేరు. ఒక్కో జట్టు కనీసం వెయ్యి పౌన్లు విరాళంగా పోగుచేయవలసి ఉండేది. అందులో సగం అడవుల సంరక్షణకి పాటుపడే కూల్ ఎర్త్ అనే సంస్థకి, మిగతాది జట్టు తనకు నచ్చిన ధర్మసంస్థకి. షికారు ఖర్చు ఎవరిది వారిదే. ఇది బ్యాంకు వాడికి అర్థమయ్యే లెక్క!

నేనూ అలాంటి షరతులే పెట్టాను. ఒకటి, ప్రయాణం ఖర్చు వాళ్ళు ముగ్గురూ సెలవుల్లో పనిచేసి సంపాదించుకోవాలి. రెండు, జనం ఇచ్చిన విరాళం మొత్తం సామానుకే పోవాలి, రసీదులుండాలి. మూడు, ఏం కావాలో పుచ్చుకునే వారిని ముందు అడగాలి. ఒప్పుకున్నాడు. నేను రెండు వందల యూరోలు పంపాను. ఇక్కడినుంచి పంపడం కష్టమేమీ కాదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, దేశంలో నివసించే వ్యక్తి సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల వరకు బహుమతిగానో విరాళంగానో పంపుకోవచ్చు. పాన్ నంబరు, ఏ2 ఫారం ఉంటే చాలు. అయితే విదేశీ సంస్థకిచ్చిన దానికి 80జీ కింద ఆదాయపన్ను రాయితీ రాదు. పుణ్యం మాత్రమే వస్తుంది.

నిర్వాహకుల ద్వారా మావాడు వాకబు చేయించాడు. వీళ్ళు డజన్లకొద్దీ కలాలు కొందామనుకున్నారు. బడివారు కలాలు మా దగ్గర బోలెడున్నాయి, బొమ్మలు గీసుకునే దళసరి కాగితం, బంతులు, గాలికొట్టే పంపు కావాలన్నారట. పంపు! ఎవరికైనా తట్టే వస్తువేనా అది? పాత బంతులు గాలిపోయి ఒక మూల పడి ఉన్నాయట. ఒక్క పంపుతో అవన్నీ మళ్ళీ లేచాయి.

ఆగస్టులో బయలుదేరారు. అక్క ఫోను దగ్గరే కాపరం పెట్టింది. ఒకడు నడపడం, ఒకడు పటం చూడడం, ఒకడు వెనక పెట్టెల మధ్య నిద్రపోవడం. పెద్ద రహదారులు కాదు, కొండదారులు, పల్లెదారులు. రోజూ రాత్రి గుడారం. యూరపంతా ఒకటే అనుకుంటాం గానీ, లెక్కలు రాసేవాడికి అది నరకమే. క్రొయేషియా ఆ ఏడు జనవరి 1నే యూరోలోకీ, తనిఖీలు లేని షెంగెన్ ప్రాంతంలోకీ వచ్చింది. పక్కనున్న బోస్నియాలో రెండూ లేవు. అక్కడ చెల్లేది మార్కు. ఒక యూరోకి 1.95583 మార్కులని స్థిరంగా కట్టేశారు. పెట్టెల్లో ఏముందో జాబితా ఇవ్వాలి. అక్కడి సరిహద్దు దగ్గర ఎండలో మూడు గంటలు నిలబెట్టి పెట్టెలు విప్పించారట. "మీ తాతగారికి కాకినాడ దారిలో ఇదే అయ్యేదిరా" అన్నాను ఫోనులో.

సరాయెవోలో గోడల మీద 1992లో మొదలైన యుద్ధం నాటి గుళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయని చెప్పాడు. వాడి గొంతులో మొదటిసారి పెద్దరికం వినిపించింది.

రొమేనియా కొండల్లో క్లచ్చి కేబులు తెగింది. సాయంత్రం, చుట్టుపక్కల దుకాణం లేదు. ఆ దారినే గడ్డి బండి తోలుకుపోతున్న ముసలాయన ఆగి, భాష తెలియకపోయినా సంగతి గ్రహించి, తన ఊరి మెకానిక్కుని వెంటబెట్టుకొచ్చాడు. మర్నాడు మధ్యాహ్నానికి కారు కదిలింది. కేబులు ఖరీదు తప్ప పైసా పుచ్చుకోలేదు, పైగా రాత్రి అన్నం పెట్టారు. "మావయ్యా, మేం సాయం చేయడానికి బయలుదేరాం. సాయం పుచ్చుకుని వస్తున్నాం" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు మా గోదావరి తల్లి డొక్కా సీతమ్మగారు గుర్తొచ్చారు. లంకల గన్నవరంలో దారిన పోయేవారికి జీవితమంతా అన్నం పెట్టి 1909లో కన్నుమూసిన మహాతల్లి. ఒకసారి ఆవిడ అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి మేనాలో బయలుదేరితే, దారిలో ఆకలితో ఉన్నవారెవరో తమ పిల్లలతో సీతమ్మగారింటికి చేరితే అన్నం దొరుకుతుందని చెప్పడం విని, యాత్ర మానుకుని వెనక్కి మళ్ళారని మా వైపు చెప్పుకుంటారు. ప్రయాణం మానుకుని చేసిన దానం అది. పిల్లలు చేసింది ప్రయాణంతో చేసిన దానం. మొదటిదానితో రెండోది సాటిరాదు, నిజమే. కానీ ఇంటినుంచి కదలకపోతే రొమేనియా సీతమ్మ చేతి అన్నం వాడు తినేవాడు కాదు. వాడి పావలా దానం కంటే ఆ అన్నం వాడికి నేర్పింది ఎక్కువ. మొదట్లో నేను రాసిన లెక్కలో ఈ పద్దు లేదు.

అందుకే నా అభిప్రాయం కొంత మార్చుకున్నాను, పూర్తిగా కాదు. మీరు ముంబయిలో ఉన్నా, బెంగుళూరులో ఉన్నా, సముద్రాల అవతల ఉన్నా, ఏదో ఒకరోజు మీ పిల్లలు కూడా ఇలాంటి కాగితం పట్టుకొస్తారు. పరుగుకో, సైకిలు యాత్రకో, కారు యాత్రకో. వెంటనే వద్దనకండి, వెంటనే చెక్కు మీద సంతకమూ పెట్టకండి. నా సొమ్ములో నీ షికారుకెంత, వాళ్ళకెంత? పుచ్చుకునేది ఎవరు? వాళ్ళని అడిగారా? తిరిగొచ్చాక లెక్క చూపిస్తావా? ఈ నాలుగు ప్రశ్నలూ అడగండి. జవాబు చెప్పగలిగిన పిల్లలు తప్పకుండా వెళ్ళిరావలసిన వాళ్ళే. మీ పిల్లలూ చెప్పగలరు.

కారు తలుపు మీద నా పేరు వద్దన్నాను. దాని బదులు తెలుగు అక్షరాలతో 'యానాం' అని రాయించాడు. బడిలో పిల్లలు వంకర టింకరగా ఉన్న ఆ అక్షరాలు చూసి, దళసరి కాగితం మీద దాన్నే బొమ్మగా గీశారట. ఆ కాగితమొకటి ఇప్పుడు మా అమ్మ మంచం దగ్గర గోడకి అంటించి ఉంది.

తిరిగొచ్చిన వారానికి లెక్క పంపాడు. రసీదులన్నీ వరసగా ఉన్నాయి. కూడి చూస్తే ఆరు యూరోలు తేడా వచ్చింది. ఫోను చేసి అడిగాను.

"ఐస్‌క్రీములు మావయ్యా. ఆ రోజు ఎండ బాగా కాసింది" అన్నాడు బిక్కమొహం వేసినట్టు.

ఆ ఆరూ పురుషార్థం పద్దులోకి మార్చి, లెక్క టాలీ అయిందని సంతకం పెట్టాను.