గుడ్‌విల్ విలువ క్షీణత - ఒక పరిశీలన

మదనపల్లె పట్టుచీరల అంగళ్లలో రెండు దుకాణాల సరుకు ఒకే తీరున ఉండవచ్చును. అయినను కొనేవారు ఒక దుకాణాన్నే వెతుక్కుంటూ వెళ్తారు. ఆ విధంగా రప్పించే శక్తిని మనవారు పరపతి అంటారు. ఉర్దూలో సాఖ్ అంటారు. వాణిజ్యశాస్త్రం దానినే గుడ్‌విల్ అంటున్నది.

ఒక సంస్థ స్వయంగా సంపాదించుకున్న పేరును తన ఆవర్జాలో ఆస్తిగా వ్రాసుకోరాదు. ఎవరి పేరుకు వారే వెల కట్టుకుంటే దానికి హద్దు ఉండదు గదా! ఇతరుల వ్యాపారాన్ని కొని, అందుకు సొమ్ము చెల్లించినప్పుడే గుడ్‌విల్ లెక్కలలోకి వస్తుంది.

ఒక ఉదాహరణ ఊహిద్దాం. మదనపల్లెలోని ఒక కంపెనీ, పుంగనూరులోని మరొక కంపెనీ వాటాలన్నింటినీ 1 కోటి రూపాయలకు కొన్నది. కొన్న నాటికి పుంగనూరు కంపెనీ ఆస్తుల సరసమైన విలువ నుండి అప్పులు తీసివేయగా మిగిలినది 60 లక్షలు. మదనపల్లె కంపెనీ సొంత పుస్తకాలలో 1 కోటి పెట్టుబడి అని మాత్రమే కనిపిస్తుంది. రెండింటి లెక్కలను ఏకీకృతం చేసేటప్పుడు ఆ పెట్టుబడి రద్దయి, దాని స్థానంలో పుంగనూరు ఆస్తులు, అప్పులు వచ్చి చేరుతాయి. పూడని 40 లక్షల తేడాయే గుడ్‌విల్. అనగా అది ఆ రెండు కంపెనీల విడి పుస్తకాలలో దేనిలోనూ లేదు. ఏకీకృత ఆస్తి అప్పుల పట్టీలో మాత్రమే పుడుతుంది.

పుట్టిన గుడ్‌విల్ అట్లే నిలిచి ఉంటుందా? యంత్రానికి వలె దీనికి ఏటేటా తరుగుదల వ్రాయటం ఇండ్ ఏఎస్ ప్రమాణాలలో లేదు. 500 కోట్లు, అంతకు మించిన నికర విలువ గల కంపెనీలకు 2016 ఏప్రిల్ 1 నుండి ఈ ప్రమాణాలు వర్తించాయి. వీటిలో 36వ ప్రమాణం ప్రకారం గుడ్‌విల్‌ను సంవత్సరానికి ఒకసారైనా పరీక్షించాలి. విలువ తగ్గిన సూచన కనిపిస్తే వెంటనే పరీక్షించాలి.

పరీక్ష విధానం ఇది. రెండేళ్ల తరువాత పుంగనూరు వ్యాపారపు నికర ఆస్తులు 62 లక్షలు, గుడ్‌విల్ 40 లక్షలు, వెరసి పుస్తక విలువ 102 లక్షలు అనుకుందాం. ఆ వ్యాపారాన్ని అమ్మితే ఖర్చులు పోగా 75 లక్షలు వస్తాయి. అమ్మక నడుపుకుంటే మున్ముందు రాగల నగదుకు నేటి విలువ 80 లక్షలు. ఈ రెండింటిలో పెద్దది 80 లక్షలు, అదే వసూలు కాగల విలువ. కావున 22 లక్షలు నష్టం. దానిని లాభనష్టాల ఖాతాకు ఖర్చు వ్రాసి, గుడ్‌విల్‌ను 18 లక్షలకు తగ్గించాలి. నష్టం 50 లక్షలైతే మొదట గుడ్‌విల్ 40 లక్షలు పూర్తిగా పోయి, మిగిలిన 10 లక్షలు ఇతర స్థిరాస్తులపై వాటి విలువల నిష్పత్తిలో పడుతుంది.

ఇదే సంస్థకు కుప్పంలో మరొక వ్యాపారం లాభసాటిగా నడుస్తున్నదనుకోండి. దాని లాభాన్ని చూపి పుంగనూరు నష్టాన్ని కప్పవచ్చునా? కూడదు. పుంగనూరు వ్యాపారానికి కేటాయించిన గుడ్‌విల్‌ను పుంగనూరు రాబడితోనే తూచాలి.

మన రాష్ట్రాల చరిత్రలోనే ఇందుకు పెద్ద నిదర్శనం ఉన్నది. 1984లో డాక్టర్ కల్లం అంజిరెడ్డి హైదరాబాదులో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్, 2006లో జర్మనీ దేశపు బీటాఫార్మ్ కంపెనీని 48 కోట్ల యూరోలకు కొన్నది. తరువాత ఆ దేశంలో ఆరోగ్య బీమా నిధులు టెండర్ల ద్వారా చవక ధరకు మందులు కొనసాగాయి. ధరలు పడిపోయాయి. ఏ పేరును నమ్మి అంత వెల ఇచ్చారో ఆ పేరుకు గిరాకీ తగ్గింది. 2008-09 సంవత్సరపు ఏకీకృత లెక్కలలో ఆ సంస్థ వెయ్యి కోట్ల రూపాయల పైచిలుకు గుడ్‌విల్‌ను తగ్గించి వ్రాసింది. ఆ ఏడు అమ్మకాలు పెరిగినా, చివరకు 500 కోట్ల పైచిలుకు నష్టం తేలింది.

ఈ నష్టం వలన ఆనాడు పెట్టెలోనుండి ఒక్క రూపాయి బయటికి పోలేదు. పోవలసిన సొమ్ము కొన్న నాడే పోయింది. 'ఆ వెల నేడు రాదు' అని ఒప్పుకోవటమే ఈ పద్దు. ఒకసారి తగ్గించిన గుడ్‌విల్‌ను, మంచి రోజులు వచ్చినా, తిరిగి పెంచరాదు. పెంచితే కొత్తగా తాను సంపాదించిన పేరుకు తానే వెల కట్టుకున్నట్లవుతుంది.

అయితే ఈ పరీక్షలో ఒక బలహీనత ఉన్నది. మున్ముందు రాబడి ఎంత, దానికి వట్టం రేటు ఎంత అన్న అంచనాలు కంపెనీ యాజమాన్యానివే. అంచనాను కొంచెం పెంచితే చాలు, నష్టం మాయమవుతుంది. ఆడిటరు వాటిని ప్రశ్నించకపోతే, దాచుకున్న సొమ్ముతో వాటాలు కొన్న సామాన్యుడు పట్టీలోని అంకెను నిజమైన ఆస్తి అని నమ్మి మోసపోతాడు.

కావున వాణిజ్యశాస్త్ర విద్యార్థులారా, వార్షిక నివేదిక చేతికి వచ్చినప్పుడు లాభం అంకెతో తృప్తిపడకండి. గుడ్‌విల్ ఎంత, ఏ అంచనాలపై నిలిచింది అని వివరణలను చదవండి. 'పేరు గొప్ప, ఊరు దిబ్బ' అన్న సామెత లెక్కల పుస్తకాలకూ వర్తిస్తుంది. పేరుకు, ఊరికి ఉన్న దూరాన్ని దాచక చెప్పటమే లెక్కలు వ్రాసేవాని ధర్మం.