30 మిల్లీగ్రాముల గీత

డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలో బ్రెత్ ఎనలైజర్ ఊదించాక తెర మీద కనిపించే అంకె మీదే కేసంతా నిలబడుతుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే, ఆ మనిషి బండి నడపడం నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.10,000 జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే జైలు రెండేళ్ల దాకా, జరిమానా రూ.15,000. ఒక మనిషి స్వేచ్ఛ ఒక అంకె మీద ఆధారపడినప్పుడు, ఆ అంకె ఎలా వచ్చిందని అడిగే హక్కు కూడా అతనికి ఉండాలి. అలా అడగడమంటే తాగి నడిపేవాళ్లకు కొమ్ముకాయడమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ ప్రశ్నకు తట్టుకుని నిలబడిన కేసులోనే శిక్ష ఖాయమవుతుంది.

కొలత లేని రోజుల్లో ఎలా ఉండేదో చూస్తే దాని విలువ తెలుస్తుంది. నోట్లో వాసన, తూలే నడక, తడబడే మాట... వీటిని చూసి డాక్టరు 'తాగి ఉన్నాడు' అని రాసేవారు. బొంబాయిలో జరిగిన ఒక ప్రమాదం కేసులో 1971లో సుప్రీంకోర్టు ఈ లక్షణాలు మాత్రమే చాలవని, రక్తపరీక్ష లాంటి ఆధారం కావాలని తేల్చింది. అప్పటికే నార్వే 1936లో, బ్రిటన్ 1967లో రక్తంలో ఆల్కహాల్‌కు చట్టంలో పరిమితి పెట్టుకున్నాయి. మన 1988 చట్టం మొదట రక్తంలో ఆల్కహాల్ రవ్వంత ఉన్నా నేరమేనంది. 1994లో దాన్ని సవరించి 30 మిల్లీగ్రాముల గీత గీశారు. ఇంగ్లండ్‌లో ఈ గీత 80, అమెరికాలో ఒక్క యూటా మినహా అన్ని రాష్ట్రాల్లోనూ 80. ఆ లెక్కన మనది కఠినమైన చట్టమే. గీత ఇంత కింద ఉన్నప్పుడు కొలతలో చిన్న తేడా వచ్చినా నిర్దోషి దోషి అయిపోతాడు. అందుకే మన దగ్గర కొలిచే పద్ధతి మరింత పక్కాగా ఉండాలి.

బ్రెత్ ఎనలైజర్ రక్తాన్ని కొలవదు, ఊపిరిని కొలుస్తుంది. ఊపిరితిత్తుల లోతు నుంచి వచ్చే 2,100 మిల్లీలీటర్ల గాలిలో ఎంత ఆల్కహాల్ ఉంటుందో, 1 మిల్లీలీటరు రక్తంలో అంత ఉంటుందన్న సగటు లెక్కతో రక్తంలోని మోతాదును అంచనా వేస్తుంది. ఈ నిష్పత్తి అందరిలోనూ ఒకేలా ఉండదు. పైగా ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ పుక్కిలించినా, కొన్ని హోమియో మందుల చుక్కలు వేసుకున్నా నోట్లో మిగిలిన ఆల్కహాల్ ఊపిరితో కలిసి అంకెను పెంచేస్తుంది. అది సుమారు పావుగంటలో పోతుంది. కాబట్టి పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తే మందు చుక్కలేవో, మద్యమేదో తేలిపోతుంది. పరికరాన్ని ఎప్పటికప్పుడు సరిచూడటం, ఆ ధ్రువపత్రాన్ని, పరీక్ష ప్రింటవుట్‌ను కేసు కాగితాల్లో జతచేయడం కూడా ఇంతే అవసరం.

చట్టం కూడా ఇలాంటి రక్షణలు ఇచ్చింది. అనుమానించడానికి తగిన కారణం ఉంటే యూనిఫారంలో ఉన్న పోలీసు ఊదమని అడగవచ్చు. అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు డాక్టరు పరీక్ష చేయించాలి, లేదంటే వదిలేయాలి. అరెస్టయిన వ్యక్తి ఊదినప్పుడు ఆల్కహాల్ కనిపించినా, అతను ఊదనని మొండికేసినా రక్తనమూనా అడిగే అధికారం పోలీసులకు ఉంది. సరైన కారణం లేకుండా పరీక్షకు నిరాకరిస్తే ఆ నిరాకరణే కోర్టులో అతనికి ఎదురు తిరుగుతుంది. బండి విషయానికొస్తే, తాగి నడిపిన కేసుల్లో వాహనాన్ని స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు లేదని, పక్కన తాగని మనిషి లైసెన్సుతో ఉంటే అతనికి అప్పగించాలని తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో స్పష్టం చేసింది.

ఇన్ని హక్కులిస్తే ప్రాణాలు తీసినవాళ్లు తప్పించుకోరా అన్నది న్యాయమైన ఆందోళన. రోడ్డు మీద మనిషిని పోగొట్టుకున్న కుటుంబం ముందు పద్ధతుల గురించి మాట్లాడటం ఎవరికైనా కష్టమే. కానీ ఆ కుటుంబానికి న్యాయం జరగాలన్నా పద్ధతి ప్రకారం సేకరించిన ఆధారమే దిక్కు. 2006లో ముంబైలోని కార్టర్ రోడ్డులో పేవ్‌మెంట్ మీద నిద్రపోతున్న కూలీల మీదికి కారు దూసుకెళ్లి ఏడుగురు చనిపోయారు. డ్రైవరు రక్తపరీక్షలో ఆల్కహాల్ 0.112 శాతమని తేలింది, అంటే మన పరిమితికి మూడున్నర రెట్ల పైమాటే. హత్య కిందికి రాని నేరపూరిత మరణంగా పరిగణించి విధించిన మూడేళ్ల శిక్షను సుప్రీంకోర్టు 2012లో ఖాయం చేసింది. నమూనా తీయడం ఆలస్యమైనా, సీసాకు సీలు లేకపోయినా లాభపడేది నేరస్థుడే. డిఫెన్సు లాయరు వేసే ప్రశ్నలకు పోలీసు ఫైలులో ముందే జవాబుంటే ఆ దారి మూసుకుపోతుంది.

'నాకు తట్టుకునే శక్తి ఉంది, ఎంత తాగినా చేయి వణకదు' అనేది రెండో వాదన. అలవాటైన మనిషికి మత్తు తెలియకపోవచ్చు. కానీ తన మత్తును తానే అంచనా వేసుకునే తెలివిని మద్యం అన్నిటికంటే ముందు తినేస్తుంది. కాలేయం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే రక్తంలోని మోతాదును తగ్గిస్తుంది. అర్ధరాత్రి 180 ఉన్న మనిషి ఆరు గంటలు నిద్రపోయి లేచాక కూడా 90 దగ్గర ఉంటాడు, అంటే పరిమితికి మూడు రెట్లు. మజ్జిగ, కాఫీ, చన్నీళ్ల స్నానం ఈ లెక్కను మార్చలేవు. పరీక్ష తప్పించుకుంటే గండం గడిచినట్టేనని అనుకోవడమూ పొరపాటే. శ్వాసపరీక్ష జరగకపోయినా ఇతర ఆధారాలతో మత్తు రుజువైతే, సొంత కారుకు జరిగిన నష్టాన్ని బీమా కంపెనీ చెల్లించనక్కర్లేదని 2021లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

కాబట్టి పోలీసు శాఖ సరిచూసిన పరికరం, రెండోసారి ఊదే అవకాశం, వేళకు రక్తపరీక్ష ప్రతి తనిఖీలోనూ ఉండేలా చూడాలి. అనుమానం ఉన్న పౌరుడు గొడవపడకుండా, పారిపోకుండా రక్తపరీక్ష అడగాలి. ఇక బండి తీసేవారికి 30 మిల్లీగ్రాములనేది తాగడానికి ఇచ్చిన కోటా కాదు. తాగిన రాత్రి తాళం ఇంకొకరి చేతికివ్వండి, మర్నాడు పొద్దున కూడా లెక్క చూసుకోండి.