చెత్తదిబ్బకు ఛాయాచిత్రము

ప్రతిదినము ఎందరో చూచుచు, నిజముగా ఎవ్వరును చూడని ప్రదేశము ఒకటి మన పట్టణములన్నిటికిని కలదు. అది ఊరి పొలిమేరనున్న చెత్తదిబ్బ. బస్సు దాని ప్రక్కగా పోవునపుడు మనము ముక్కు మూసికొని, ముఖము అవతలికి త్రిప్పుకొందుము. దుర్గంధము దాటినంతనే దిబ్బ సంగతి మరతుము. కెమేరాకు ముక్కు లేదు. అది ముఖము త్రిప్పుకొనదు. అందుచేత దిబ్బను గూర్చి తెలిసికొనగోరువారికి అది మంచి సాధనము. అయితే వట్టి బొమ్మకును, కొలతకు పనికివచ్చు బొమ్మకును భేదమున్నది. ఆ భేదముపై మనుష్యుల ప్రాణములే ఆధారపడిన సందర్భములు గలవు.

మా కళాశాల విద్యార్థులు కొందరు ఒకమారు ఊరి దిబ్బను ఫోటో తీసి తెచ్చిరి. ఒక బొమ్మలో అది కొండవలె నుండెను. వేరొక బొమ్మలో మోకాలెత్తు గుట్టవలె నుండెను. మొదటిది దగ్గరగా నేలపై కూర్చుండి తీసినది. రెండవది దూరపు మేడమీదనుండి తీసినది. రెండును నిజమే, కాని ఏ ఒక్కటియు దిబ్బ ఎత్తు చెప్పలేదు. ఏలయన, బొమ్మలో ఒక వస్తువు ఎంత పెద్దదిగా కనబడునో అది దాని పరిమాణముపై మాత్రమేగాక, కెమేరానుండి దాని దూరముపైనగూడ ఆధారపడును. కావున కొలవదలచినదాని ప్రక్కనే, అంత దూరములోనే, పొడవు తెలిసిన వస్తువు ఒకటి ఉండవలెను. ఒక మీటరు కర్ర చాలును. మేస్త్రీలు గోడ నిలువు చూచుటకు వాడు గుండుదారమును వ్రేలాడదీసి, దిబ్బను సరిగా ప్రక్కనుండి తీసినచో, దాని వాలు ఎన్ని డిగ్రీలో బొమ్మపైననే కొలువవచ్చును. తేదీని, నిలిచిన స్థలమును వ్రాసికొనవలెను. మరుసటి ఏడు అదే స్థలమునుండి తీసిన బొమ్మను దీని సరసన ఉంచిన, దిబ్బ పెరిగినదో తరిగినదో వాదము లేకుండ తేలును.

మరియొక నియమము కలదు: పారవేసిన వస్తువును ఫోటోకొరకు కదల్పరాదు. అమెరికా ఛాయాగ్రాహకుడు క్రిస్ జోర్డన్ 2009లో పసిఫిక్ మహాసముద్ర మధ్యముననున్న మిడ్వే దీవిలో, చనిపోయిన ఆల్బట్రాసు పక్షిపిల్లలను ఫోటో తీసెను. వాటి ఎముకల నడుమ సీసామూతలు, లైటర్లు, ప్లాస్టిక్ తునకలు కనబడినవి. సముద్రముపై తేలు వాటిని ఆహారమనుకొని తల్లిదండ్రులే తెచ్చి పిల్లల నోట పెట్టినవి. ఒక్క తునకనైనను తాను కదల్పలేదని ఆయన చెప్పెను. ఆ నియమమే ఆ బొమ్మలకు సాక్ష్యపు విలువ నిచ్చినది.

ఇక దిబ్బలో ఎంత చెత్త ఉన్నదో చూతము. శంకువు ఆకారముగల గుట్ట ఒకటి ఉన్నదనుకొనుడు. దాని అడుగు వ్యాసము 40 మీటర్లు, ఎత్తు 9 మీటర్లు అయినచో, ఘనపరిమాణము సుమారు 3,768 ఘనమీటర్లు. చెత్త మోయు టిప్పరు తొట్టి పొడవు 4, వెడల్పు 2, లోతు 1 మీటరు అయినచో, దానిలో 8 ఘనమీటర్లు పట్టును. అనగా గుట్టకు 471 టిప్పర్లు. కాని నిజముగా వచ్చినవి ఇంతకంటె ఎక్కువే. ఏలయన చెత్త తన బరువునకు తానే అణగిపోవును. కావున టిప్పరు నిండుగా వచ్చినపుడు ఒకసారి, ఖాళీగా పోవునపుడు ఒకసారి వేబ్రిడ్జిపై తూచి, రెండుసార్లును ఫోటో తీయుట మేలు. అపుడు తూకపు చీటీకి బొమ్మ సాక్షి యగును. మోయని చెత్తకు కిరాయి అడుగుట కష్టమగును.

దిబ్బ నిజముగా శంకువువలె నుండదు గదా, దాని వంకరటింకర ఆకారము కొలుచుట ఎట్లు? మీ వ్రేలిని ముఖమునకు ఎదురుగా నిలిపి, ఒక కన్ను మూసి మరియొకటి తెరచుచు చూడుడు. వ్రేలు ప్రక్కకు దూకినట్లుండును. దూరపు గోడ అంతగా కదలదు. దగ్గర వస్తువు ఎక్కువగను, దూరపు వస్తువు తక్కువగను జరుగుటయే దూరమును కొలుచు కిటుకు. దిబ్బపై ఎగురు డ్రోను కొన్ని మీటర్ల కొకటి చొప్పున, ఒకదానిపై నొకటి చాలవరకు కలియునట్లు, వందలకొలది ఫోటోలు తీయును. దిబ్బ శిఖరము కెమేరాకు దగ్గర గనుక బొమ్మనుండి బొమ్మకు ఎక్కువగా జరుగును. అడుగు తక్కువగా జరుగును. ఈ భేదములనుండి కంప్యూటరు ప్రతి బిందువు ఎత్తును లెక్కకట్టును.

ఈ లెక్క ఏల అవసరమో రెండు ఊళ్ల పేర్లు చెప్పును. ఫిలిప్పీన్సులోని మనీలా ప్రాంతమున పయాతాస్ అను చెత్తదిబ్బ 2000 జూలై 10న కూలి, 200 మందికి పైగా చనిపోయిరి. ఇండొనీషియాలో బాండుంగ్ నగరము చెంతనున్న లెవిగాజా దిబ్బ 2005 ఫిబ్రవరి 21న కూలి, 140 మందికి పైగా చనిపోయిరి. రెండు చోట్లను పెద్ద వానల వెనుకనే ఆపద వచ్చినది. నీరు చెత్తకు బరువు చేర్చును. పొరల మధ్య చేరి, వాటిని జారకుండ పట్టియుంచు రాపిడిని తగ్గించును. వాలు నిటారైనకొలది అపాయము హెచ్చును. అట్టి వాలును ఏటేట తీసిన బొమ్మలు ముందుగానే చూపగలవు.

కంటికి కనబడని వెలుగుతో గూడ దిబ్బను ఫోటో తీయవచ్చును. ప్రతి వస్తువును తన ఉష్ణోగ్రతను బట్టి పరారుణ కిరణములను వెలువరించును. సుమారు 27 డిగ్రీల సెంటిగ్రేడున నున్న వస్తువు వెలువరించు కిరణములలో ప్రబలమైనవాటి తరంగదైర్ఘ్యము ఇంచుమించు 10 మైక్రాన్లు. సాధారణమైన గాజు వీటిని పోనీయదు. అందుచేత ఉష్ణకెమేరాలకు జెర్మేనియము కటకములు వాడుదురు. లోపల మంట రగులుచున్నపుడు దిబ్బ పైపొర అచ్చటచ్చట వేడెక్కును. అట్టి తావులు ఈ కెమేరాకు తెలియును. బొంబాయిలో 1927 నుండి వాడుకలోనున్న దేవనార్ దిబ్బ 2016 జనవరి చివర అంటుకొన్నపుడు, ఆ పొగను అమెరికా ఉపగ్రహములు అంతరిక్షమునుండి ఫోటో తీసినవి. పొగ లేచిన వెనుక తీసిన బొమ్మ వార్త యగును. పైపొర వేడెక్కుచున్నపుడే తీసిన బొమ్మ హెచ్చరిక యగును.

గాలి చొరని చోట కూరగాయల తుక్కు, అన్నము, ఆకులు క్రుళ్లినపుడు మీథేను వాయువు పుట్టును. నూరేండ్ల లెక్కలో ఇది, అంతే బరువుగల బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 28 రెట్లు భూమిని వేడెక్కించును. దీనికి రంగు లేదు. కాని భూమినుండి మరలిన సూర్యకాంతిలో 2.3 మైక్రాన్ల ప్రాంతపు కిరణములను ఇది మ్రింగును. ఆ లోటును బట్టి వాయువును గుర్తింతురు. 2022 జూలైలో అంతరిక్ష కేంద్రమునకు పంపిన ఎమిట్ అను అమెరికా పరికరము, ఇరానులోని టెహరాను నగరమునకు దక్షిణమున ఒక పెద్ద చెత్తప్రదేశమునుండి లేచిన మీథేను తెరను 4.8 కిలోమీటర్ల పొడవున పట్టి చూపినది.

ఇన్ని చూచినను కెమేరాకు దిబ్బ కడుపు కనబడదు. దానికి త్రవ్వకమే శరణ్యము. అమెరికాలో అరిజోనా విశ్వవిద్యాలయపు పురాతత్త్వ శాస్త్రజ్ఞుడు విలియం రాత్జే 1973లో ఇండ్ల చెత్తను వేరుపరచి లెక్కించు పని ప్రారంభించెను. 1987 నుండి ఆయన బృందము చెత్తదిబ్బలనే త్రవ్వి చూచినది. దశాబ్దములనాటి వార్తాపత్రికలు చదువుటకు వీలుగా బయటపడినవి! గాలియు తేమయు చాలని లోతులలో కాగితము సయితము సులభముగా క్రుళ్లదని తేలినది. జనులు తాము త్రాగితిమని చెప్పిన బీరుకంటె వారి చెత్తలోని డబ్బాలు ఎక్కువ సాక్ష్యమిచ్చినవి. మనము చెప్పునది ఒకటి, పారవేయునది ఒకటి.

తుదిగా ఒక మాట. దిబ్బపై చెత్త ఏరుకొని బ్రతుకువారు ఉందురు. వారు చెత్తలో భాగము కారు. గాజు, ఇనుము, ప్లాస్టిక్ వేరుచేసి తిరిగి వాడుకకు పంపువారు వారే. దిబ్బ కూలినను, అంటుకొన్నను ముందుగా బలియగువారును వారే. అడుగకుండ వారి ముఖములను ఫోటో తీయరాదు. మా విద్యార్థులు రెండవసారి పోయినపుడు అచ్చట పనిచేయు ఒక అవ్వను అడిగి, ఆమె ఒప్పుకొన్న తరువాతనే బొమ్మ తీసిరి. మీటరు కర్రను పట్టుకొని నిలిచినది ఆమెయే. దిబ్బలో ఏ వైపు వేడిగా నుండునో, వాన కురిసిన ఏ వైపు జారునో, కెమేరాకంటె ముందు చెప్పినదియు ఆమెయే. ఆమె మాటను గూడ బొమ్మ వెనుక తేదీతోబాటు వ్రాసియుంచితిమి.